గూడేలకు వర్సిటీ టీవీ పాఠాలు: ఒక్క పేజీలో ఏం అడగాలి?

ఉట్నూరు ఎకనామిక్స్:

అందరికీ నమస్కారం. ఉట్నూరు దగ్గర ఒక దూరవిద్య స్టడీ సెంటర్‌లో 11 ఏళ్ళుగా ఎకనామిక్స్ చెబుతున్నాను. ఆదివారం ఆదివారం క్లాసులు. మా దగ్గర డిగ్రీలో చేరినవాళ్ళలో ఎక్కువమంది గోండులు, కొలాంలు. సగం మందికి పెళ్ళిళ్ళయ్యాయి, పొలం పనులున్నాయి. నార్నూరు, సిర్పూర్-యు వైపు గూడేల నుంచి వచ్చిపోవాలంటే ఒక రోజు కూలి ఆటోకే పోతుంది. పత్తి తీతలు మొదలైతే క్లాసులో ఏడెనిమిది మంది మిగులుతారు.

టీవీ పాఠాలను మారుమూల గూడేలకు ఇంకా తీసుకెళ్ళాలని మా వర్సిటీ ఆలోచిస్తోంది. మీ ప్రాంతానికి ఏం కావాలో ఒక పేజీలో రాసి పంపండి అని సెంటర్‌ని అడిగారు. అడిగినందుకు చాలా సంతోషం. ఆ పేజీ వృథా కాకూడదనే ఇక్కడ మీ సలహా అడుగుతున్నాను.

పోయిన నెల ఒక గూడెంలో నేను చూసింది చెప్తాను. రాత్రి ఏడున్నర. పటేల్ ఇంటి వసారాలో టీవీ, పెన్ డ్రైవ్‌లో నేను తెచ్చిన పాఠం, చాపల మీద పన్నెండు మంది. పాఠం క్షీణోపాంత ప్రయోజన సూత్రం, అంటే ఒకే వస్తువు వాడుతున్నకొద్దీ తర్వాతి దాని వల్ల కలిగే తృప్తి తగ్గుతుందని. తెర మీద మేడమ్ ఆపిల్ పళ్ళతో చక్కగా చెప్తున్నారు. పావుగంటకే కరెంటు పోయింది. ఒక్కరూ లేవలేదు. ఫైనలియర్ అమ్మాయి ఒకామె ఫోన్ టార్చి వెలిగించి, గోండిలో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆపిల్ తీసేసి ఇప్పపువ్వు పెట్టింది. ఆకలి మీద ఉడికించిన ఇప్పపువ్వు మొదటి దోసెడు ఎలా ఉంటుంది, రెండోది ఎలా ఉంటుంది, నాలుగోది తినబుద్ధవుతుందా అని ఒక్కొక్కరినీ అడిగింది. గోండి నాకు సగమే అర్థమవుతుంది. వెనక గోడకి ఆనుకుని కూర్చున్న వాళ్ళ అత్త బడి ముఖం చూడని మనిషి. "ఐదోది నాకొద్దు" అందామె. ఇన్నేళ్ళలో ఆ సూత్రం ఇంత సూటిగా ఎవరి బుర్రకైనా ఎక్కడం నేను చూడలేదు.

ఇప్పుడు నా సందేహం. ఇంకో ఛానల్ అడగాలా? డిష్‌లు, బ్యాటరీలు అడగాలా? లేక ఆ అమ్మాయిలాంటి వాళ్ళకి గౌరవవేతనం అడగాలా? అన్నీ అడిగితే ఏదీ రాదేమోనని టెన్షన్‌గా ఉంది.

జన్నారం డిష్ మెకానిక్:

సార్, కొత్త ఛానల్ జోలికి పోకండి. కేంద్ర ప్రభుత్వం నడిపే పాఠాల ఛానళ్ళు, స్వయంప్రభ అంటారు, 2017 నుంచి ఉచితంగానే వస్తున్నాయి. రోజుకి కనీసం నాలుగు గంటల కొత్త పాఠాలు వేస్తారు, వాటినే ఆ రోజు ఇంకో ఐదుసార్లు తిప్పి వేస్తారు. పగలు చేలో ఉన్నవాళ్ళకి రాత్రి దొరుకుతుంది. అవి వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి, దూరదర్శన్ ఫ్రీ డిష్ వచ్చేదీ దాని నుంచే. గూడెంలో ఫ్రీ డిష్ ఉంటే డిష్ ముట్టుకోవద్దు, మార్చాల్సింది బాక్సు. పాత రకం సిగ్నల్‌నే చదివే ఎంపెగ్-2 బాక్సులో ఆ ఛానళ్ళు పట్టవు, కొత్త రకం ఎంపెగ్-4 కావాలి. ఇది తెలియక డిష్ అటూ ఇటూ తిప్పి ఉన్న సిగ్నల్ కూడా పోగొట్టుకుంటారు. నెలకి రెండు మూడు ఇళ్ళలో నేను చేసే పని మళ్ళీ దాన్ని ఆగ్నేయానికి తిప్పడమే.

మన దగ్గర ఉపగ్రహం ఆగ్నేయంలో బాగా ఎత్తున ఉంటుంది, కాబట్టి గుట్టలు అడ్డం రావు. ఇంటిని ఆనుకుని ఆ వైపు టేకు చెట్టుంటే మాత్రం, ఆకు రాలిన రోజుల్లో బాగానే వచ్చిన బొమ్మ వానాకాలం ఆకు కమ్మగానే పోతుంది. జోరువానలో ఎలాగూ ఆగుతుంది, దానికి మందు లేదు. చిన్న ఎల్ఈడీ టీవీ, బాక్సు కలిపి 50 వాట్లు దాటవు. ఒక సోలార్ ప్లేటు, బ్యాటరీ సరిపోతాయి. రిపేరుకి ఏటా కొంత డబ్బు పక్కన పెట్టమని కూడా రాయండి సార్. ఇచ్చేటప్పుడు అందరూ ఇస్తారు, బ్యాటరీలో నీళ్ళు ఎవరు పోస్తారు?

రిటైర్డ్ టీచర్, కర్నూలు:

మెకానిక్ బాబు చివర్లో అన్న మాట చాలా పెద్ద మాట. 1975 ఆగస్టు 1న సైట్ ప్రయోగం, అంటే ఉపగ్రహం ద్వారా ఊళ్ళకి టీవీ పాఠాలు చూపించడం, మొదలైంది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళు, మా ఊరు అందులో ఒకటి. కోళ్ళగూటికి కొట్టే జాలీతో చేసిన మూడు మీటర్ల డిష్ బడి దగ్గర పెట్టారు. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దవాళ్ళకి, మన తెలుగులోనే. చీకటి పడకముందే మా అమ్మ బియ్యం పొయ్యి మీద పెట్టేసి వచ్చేది. సరిగ్గా ఏడాదికి ఆగిపోయింది. ఆ ఉపగ్రహం నాసా వాళ్ళది, వెనక్కి జరుపుకున్నారు. ఆ తర్వాత ఎన్ని రోజులు ఆ పెట్టె ముందు ఊరికే కూర్చున్నామో!

ఇంకొకటి, భాష. 1984లో దూరదర్శన్‌లో కాలేజీ విద్యార్థుల కోసం యూజీసీ కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ మొదలైనప్పుడు నేను ఉద్యోగంలో ఉన్నాను. మంచి కార్యక్రమాలే. ఇంగ్లిష్ కావడంతో మా పిల్లలు బొమ్మలు చూసి లేచిపోయేవారు. స్వయంప్రభలో కూడా డిగ్రీ పాఠాలు ఎక్కువ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కదా, మీవాళ్ళకి పనికొస్తాయా?

పాడేరు నుంచి:

సార్, నేను అంగన్‌వాడీలో పనిచేస్తూ దూరవిద్యలోనే బీఏ పూర్తి చేశాను. మా ఊళ్ళో ఫోన్‌కి సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి, కాబట్టి యూట్యూబ్ మాట మర్చిపోవాల్సిందే. నాకు బాగా పనికొచ్చింది ఒక కాగితం. ఏ రోజు ఏ పాఠం, ఎన్ని గంటలకి అన్నది మా కౌన్సెలర్ గారు నెల ముందే రాసి, సంతలో కిరాణా కొట్టు గోడకి అంటించేవారు. ఆ కొట్లోనే ఒక నోట్‌బుక్ పెట్టారు. అర్థం కానిది అందులో రాస్తే వచ్చే సంతకి జవాబు ఉండేది. టీవీని ఆపి అడగలేం కదా సార్. నేను రాసిన మొదటి ప్రశ్నకి ఆయన ఒకటిన్నర పేజీ జవాబు రాశారు, ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. మీ అమ్మాయికి గౌరవవేతనం తప్పకుండా అడగండి. ఉత్త చేతులతో ఎన్నాళ్ళు చేస్తుంది?

ఉట్నూరు ఎకనామిక్స్:

అందరికీ దండాలు. మాస్టారూ, భాష గురించి మీరన్నది నిజం. తెలుగులో డిగ్రీ పాఠాలు తెలంగాణ ప్రభుత్వ పాఠాల ఛానల్ టీ-శాట్‌లో ఉన్నాయి. కేబుల్ ఉన్న ఊళ్ళో, నెట్ ఉన్న ఫోన్‌లో హాయిగా చూడొచ్చు. మా గూడేల్లో ఆ రెండూ లేవు, ఉన్నది ఫ్రీ డిష్. కాబట్టి పేజీలో మొదటి లైను మారింది: ఉన్న తెలుగు పాఠాలనే, ఇళ్ళ మీద ఇప్పటికే ఉన్న డిష్‌లకి అందేలా, రాత్రి ఏడు తర్వాత ఒక గంట ఇప్పించండి. రెండో లైను, గూడేనికి ఒకరు చొప్పున, గోండిలో గానీ కొలామీలో గానీ విడమరిచి చెప్పే మనిషికి నెల నెలా గౌరవవేతనం. రిపేరు డబ్బు మూడోది. కాగితం, నోట్‌బుక్ నేను ఎవరినీ అడగను, జైనూరు అంగడిలో వచ్చే వారమే పెడతాను.

జన్నారం తమ్ముడూ, ఆదివారం క్లాసు అయ్యాక ఆ గూడెం వెళ్తున్నాను. ఎంపెగ్-4 బాక్సు ఒకటి పట్టుకుని రాగలవా? బాక్సు డబ్బులు, ఆటో నేను చూసుకుంటాను.