ఆకివీడులో అద్దె ఇల్లు: చేరేముందు ఏమేం చూసుకోవాలి?

కొత్తగా_వస్తున్నాం
జూన్‌లో ఆకివీడు మారుతున్నామండి. నలుగురం, అందులో ఇద్దరు చిన్నపిల్లలు. రెండు బెడ్‌రూముల ఇల్లు కావాలి. కొల్లేరు పక్క ఊరు కాబట్టి నీళ్ళు, వరద, అగ్రిమెంటు విషయాల్లో ఓనర్లను ఏం అడగాలో చెప్పగలరా?

మెరకవీధి
ముందు మెరక చూడండి, అద్దె సంగతి తర్వాత. రోడ్డు వేసిన ప్రతిసారీ కాస్త ఎత్తు పెరుగుతుంది, ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే పాత డాబాల్లో చాలావాటి గచ్చు ఇప్పుడు రోడ్డు కంటే పల్లంలో ఉంది. గట్టి వాన పడితే వీధి నీళ్ళు గుమ్మం దాటతాయి. రోడ్డు నడిమి కంటే గచ్చు అడుగున్నరైనా ఎత్తులో ఉన్న ఇల్లే చూడండి.

గోడ కింది భాగానికి మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే ఆగి చెయ్యి ఆనించి చూడండి. నేల నుంచి రెండు మూడడుగుల దాకా పెచ్చులూడి తెల్లపొడి రాలుతుంటే అది చెమ్మతో పాటు ఎక్కిన ఉప్పు. కింద ఉప్పునీరు, ఇటుక దాన్ని పైకి పీలుస్తుంది. ప్లాస్టిక్ పెయింటు వేస్తే చెమ్మ బయటికి పోలేక బుడగలొస్తాయి. అలాంటి గోడకు సున్నమే మేలు. బీరువా, మంచం గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ళ ఎడం ఉంచండి.

ఉప్పుటేరు_గట్టు
వీధి ముంపు వేరు, కొల్లేటి వరద వేరు. రెండూ కలిపి అడిగితే ఓనరు "మా ఇంట్లోకి నీళ్ళు రావండి" అంటారు, అది నిజమే కావచ్చు కూడా. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు కొల్లేట్లో పడితే సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అది 60 కిలోమీటర్ల పైచిలుకు పొడవు, మధ్యలో పూడిక, గుర్రపుడెక్క. సముద్రం పోటు మీద ఉంటే నీరు లాగదు. అందుకే ఇక్కడ వరద మెల్లగా ఎక్కుతుంది, అంతకంటే మెల్లగా దిగుతుంది. పైన వాన ఆగినా రోజుల తరబడి మట్టం తగ్గదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికే నీళ్ళొచ్చి రాకపోకలు ఆగాయి. మీ ఉద్యోగం ఏలూరు వైపైతే ఇది లెక్కలో పెట్టుకోండి. భీమవరం, గుడివాడ వైపైతే రైలు ఉంది కాబట్టి ఇబ్బంది తక్కువ.

బిందె_చిల్లగింజ
నీళ్ళ గురించి నేను చెప్తా, ఇక్కడ అసలు ప్రశ్న అదే. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే. తాగడానికి గోదావరి కాలువ నీళ్ళే ఆధారం. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఆలోపు మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. చెరువు అడుగుకు వచ్చేసరికి కుళాయి నీళ్ళు పచ్చబడి వాసనేస్తాయి. మీరు వచ్చే జూన్ సరిగ్గా ఆ సమయం. కాలువ వదిలాక మొదటి కొద్దిరోజులు ఎర్రటి బురదనీరు.

కుళాయి ఏ టైముకి వస్తుంది, ఎన్ని నిమిషాలు వస్తుంది, సంపు ఎన్ని లీటర్లు? ఈ మూడూ ఓనర్ని కాదు, పక్కింటివాళ్ళని అడగండి. మనిషికి రోజుకు 100 లీటర్లనుకుంటే మీకు 400. పైన వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉంటే రెండున్నర రోజులకు మించదు.

బోరు నీళ్ళకు చిన్న టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన ఉప్పులెంతో చూపేది) జేబులో పెట్టుకెళ్ళండి. తాగునీటికి 500 లోపు మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 2000 వరకు హద్దు. 2000 దాటితే గీజరు రాడ్డు, కుళాయిలు త్వరగా పోతాయి. ఆర్వో పెట్టినా ఒక లీటరు మంచినీళ్ళకు మూడు లీటర్ల దాకా మోరీ పాలు.

బురదనీటికి 20 లీటర్ల బిందెలో పటిక గ్రాము లోపే తిప్పండి, ట్యాంకులో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్.

ల్యాబ్_కోటు
పై మాటకు చిన్న సవరణండి. పటిక, బ్లీచింగ్ ఒకేసారి వేయకూడదు. బురదే బ్లీచింగ్‌లోని క్లోరిన్‌ని తినేస్తుంది, క్రిములను చంపడానికి మిగలదు. ముందు పటికతో తేర్చి, పైనీరు వేరే బిందెలోకి వంచి, అప్పుడు బ్లీచింగ్ వేసి అరగంట నుంచి గంట ఆగాలి. మూత తీసి ఉంచిన బ్లీచింగ్ పొడికి బలం పోతుంది. పిల్లలకు ఇచ్చేవి కాచి చల్లార్చినవే ఇవ్వండి.

మీటరు_రీడింగు
కరెంటు మీటరు మీ వాటాకు విడిగా ఉందా? సబ్‌మీటరు పెట్టి ఇద్దరికీ ఒకే సర్వీసైతే నష్టపోతారు. 2022 ఏప్రిల్ నాటి శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75. రెండు వాటాలు చెరో 120 కాలిస్తే విడి మీటర్లకు 394.50 చొప్పున మొత్తం 789. ఒకే మీటరులో 240 పడితే 1148.25. అదనపు చార్జీలు ఇందులో లేవు.

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకు రాస్తారు. మోటారు కాలితే ఎవరు బాగుచేయించాలి, సంపు ఎవరు కడిగించాలి, ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో అడ్వాన్సులో ఎంత కోస్తారు? ఈ మూడూ కాగితం మీద ఉండాలి. తాళం తీసుకున్న రోజు మీటరు రీడింగు, గోడల చెమ్మ ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి.

కొత్తగా_వస్తున్నాం
చాలా ఉపయోగం అండి. చేపల చెరువుల పక్కన ఇల్లు ఒకటి చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?

మెరకవీధి
చిన్నపిల్లలంటున్నారు కాబట్టి వద్దంటానండి. చేపల పట్టుబడి అయ్యాక చెరువు ఎండగడితే నల్లబురద వాసన రోజుల తరబడి పోదు. లోతు తెలియని నీళ్ళు, గట్టుకు కంచె ఉండదు. తప్పక తీసుకుంటే కిటికీలకు మెష్, మోరీ తూములకు ఇనుప జల్లెడ వేయించండి. నేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, దాని కాటుకు నొప్పి, వాపు పెద్దగా తెలియవు, రెప్పలు వాలిపోతుంటే అప్పుడు తెలుస్తుంది. దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే వెళ్ళండి.

ల్యాబ్_కోటు
ఆ ఇంటికి బోరు, లెట్రిన్ ట్యాంకు మధ్య ఎడం కూడా కొలవండి, 50 అడుగులుండాలి. చెరువుల పక్క నేలలో నీరు పైకే ఉంటుంది, వానాకాలం ట్యాంకు నీరు ఇంకదు, బాత్రూంలోకి ఎదురు తంతుంది. ఆగస్టులో లెట్రిన్ ట్యాంకు తోడే బండి ఎన్నిసార్లు వచ్చిందో పక్కవాళ్ళు చెప్తారు.