చైనా రాజ్యాంగంలో హక్కులు ఉండగా, రాజ్యాంగబద్ధ పాలన కోరడం ఎందుకు తప్పయింది?

ప్రశ్న – రాజనీతి విద్యార్థిని
1982 నాటి చైనా రాజ్యాంగం 35వ అధికరణంలో వాక్, పత్రికా, సభా స్వాతంత్ర్యాలు ఉన్నాయి. దేశపాలన చట్టానుసారం సాగాలని 1999లోను, రాజ్యం మానవ హక్కులను గౌరవించి కాపాడాలని 2004లోను సవరణలు చేర్చారు. అయినా 2013లో రాజ్యాంగబద్ధ పాలన, అంటే అధికారం రాజ్యాంగానికి లోబడి ఉండాలి అనే మాటనే అధికార కమ్యూనిస్టు పార్టీ పత్రికలు తీవ్రంగా ఖండించాయి. తాము రాసుకున్న రాజ్యాంగాన్నే అమలు చేయమంటే పార్టీకి అభ్యంతరం ఏమిటి?

సమాధానం – న్యాయశాస్త్ర పాఠకుడు
రాజ్యాంగానికి అర్థం చెప్పే అధికారం ఎవరిదన్నదే అసలు విషయమని నేను భావిస్తున్నాను. 67వ అధికరణం ఆ అధికారాన్ని న్యాయస్థానాలకు కాక, చైనా పార్లమెంటు అయిన నేషనల్ పీపుల్స్ కాంగ్రెస్ స్థాయీ సంఘానికి అప్పగించింది. షాన్‌డోంగ్ రాష్ట్రానికి చెందిన చీ యూలింగ్ పేరుతో, ఆమె మార్కులతో మరొక యువతి చదువుకున్న కేసులో, రాజ్యాంగం ఇచ్చిన విద్యాహక్కుకు భంగం కలిగినందున బాధ్యులు పరిహారం చెల్లించాలని సుప్రీం పీపుల్స్ కోర్టు 2001లో అభిప్రాయం తెలిపింది. రాజ్యాంగం ఇక కోర్టు మెట్లెక్కుతుందని ఎందరో న్యాయవేత్తలు ఆశించారు. 2008 డిసెంబరులో అదే కోర్టు ఆ అభిప్రాయాన్ని రద్దు చేసింది. హక్కు పుస్తకంలో మిగిలింది, దాన్ని అడిగే చోటు మాత్రం లేకుండా పోయింది.

సమాధానం – తూర్పు ఆసియా పరిశీలకురాలు
పై వివరణ సరైనదే కాని, 2013 నాటి కోపానికి అది చాలదు. ఆ జనవరిలో గ్వాంగ్‌జౌలోని సదరన్ వీక్లీ అనే వారపత్రిక రాజ్యాంగబద్ధ పాలనను కోరుతూ సిద్ధం చేసిన నూతన సంవత్సర సంపాదకీయాన్ని ప్రచార విభాగం మార్పించగా, పాత్రికేయులు బహిరంగంగా నిరసించారు. పార్టీలో అంతర్గతంగా పంపిన తొమ్మిదవ నంబరు పత్రం ఆ భావనను పాశ్చాత్య ముప్పుల జాబితాలో చేర్చింది. రెన్‌మిన్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు యాంగ్ షియావోచింగ్, అది పెట్టుబడిదారీ వ్యవస్థకే చెందుతుందని వాదించారు. సోషలిజంతో కూడా దాన్ని పొసగించవచ్చునన్న మధ్యేవాదుల కంటే ఆమె వాదంలోనే స్పష్టత ఎక్కువని నాకనిపిస్తుంది, ఎందుకంటే పార్టీని కూడా కట్టడి చేసే చట్టం ఉంటుందా అన్న ప్రశ్నను ఆమె దాటవేయలేదు. 2018 సవరణ పార్టీ నాయకత్వాన్ని నేరుగా ఒకటవ అధికరణంలో చేర్చి, దేశాధ్యక్షుని పదవీకాల పరిమితిని తొలగించింది. వ్యతిరేకంగా పడినవి రెండే ఓట్లు.

సమాధానం – పాత సభ్యుడు
ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి. 2003లో సున్ జిగాంగ్ అనే యువకుడు గ్వాంగ్‌జౌలో నిర్బంధంలో దెబ్బలకు మరణించినప్పుడు, ఆ నిర్బంధ నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని ముగ్గురు న్యాయ పండితులు స్థాయీ సంఘానికి వినతి పంపారు. సంఘం తీర్పేమీ చెప్పకముందే కేంద్ర మంత్రివర్గమైన స్టేట్ కౌన్సిల్ ఆ నిబంధనలను తానే ఎత్తివేసింది. వ్యభిచార నేరంపై విచారణ లేకుండా రెండేళ్ల వరకు నిర్బంధించే విధానం కూడా, స్థాయీ సంఘం సమీక్షలో అభ్యంతరం వచ్చాక 2019లో రద్దయింది. అంటే కింది స్థాయి నిబంధనలను రాజ్యాంగం పేర ప్రశ్నించే సన్నని దారి ఒకటి ఉంది, దాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. అయితే పార్టీ అధికారం దగ్గరకు వచ్చేసరికి ఆ దారి ఆగిపోతుంది: 2003 నాటి ముగ్గురిలో ఒకరైన షూ జియోంగ్‌కు, ప్రభుత్వాధికారాన్ని కూలదోయ యత్నించారన్న అభియోగంపై 2023లో పద్నాలుగేళ్ల జైలుశిక్ష విధించారు.