ఆఫ్రికా కోర్ టోపీకి పోయిన రంగు పట్టీ మళ్లీ కుట్టించాలా, వద్దా?

మ్యూనిక్_మావయ్య:
ఇక్కడి పాత సామాన్ల సంతలో ఒక జర్మన్ ఎడారి టోపీ కొన్నాను, రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన జర్మన్ దళం ఆఫ్రికా కోర్ వాడిన రకం. 1940 మోడల్. ముందు పొడుగు అంచు, రెండు పక్కలా గాలి కన్నాలు, లోపల ఎర్ర లైనింగ్. నలుపు, తెలుపు, ఎరుపు గుండ్రటి గుర్తు చుట్టూ తలకిందులు చేసిన 'వి' ఆకారంలో ఉండాల్సిన రంగు పట్టీ మాత్రం లేదు. కుట్టు కన్నాలు ఉన్నాయి. పట్టీ ఉన్నంత మేర గుడ్డ వెలిసిపోకుండా ముదురు ఆకుపచ్చగా మిగిలింది. ఆ కాలంనాటి గులాబీ పట్టీ ఒకటి దొరుకుతోంది. కుట్టించేయనా?

పాత_ఇనుము:
వద్దు మావయ్యా. ఆ రంగు అలంకారం కాదు, సైనికుడి శాఖ గుర్తు. తెలుపంటే పదాతి దళం, ఎరుపంటే ఫిరంగులు, గులాబీ అంటే ట్యాంకులు. ఈ టోపీ పెట్టుకున్నవాడు ట్యాంకు మనిషని నీకెవరు చెప్పారు? పైగా పట్టీలు తీసేయమని 1942లో సైన్యమే ఆదేశం ఇచ్చింది. నువ్వు లోటు అనుకుంటున్నది ఆ టోపీ అసలు చరిత్ర కావచ్చు.

దారంపోగు:
ఆదేశం వచ్చాక కూడా పట్టీలు ఉంచుకున్నవాళ్లు ఫోటోల్లో బోలెడుమంది కనిపిస్తారు. మరి దీనిది తీసింది సైనికుడేనని గ్యారంటీ ఏంటి? యుద్ధం అయ్యాక ఎవరైనా పీకి వేరే టోపీకి కుట్టి ఉండొచ్చు. పాత కన్నాల్లోంచే నూలు దారంతో వదులుగా కుట్టి, ఆ సంగతి చీటీ రాసి లోపల పెడితే సరి. కావాలంటే రేపు విప్పేయొచ్చు.

పాత_ఇనుము:
చీటీ రెండో చేతికి వెళ్లేదాకానే ఉంటుంది. మూడోవాడు దాన్ని 'ఒరిజినల్ ట్యాంకు టోపీ' అని అమ్ముకుంటాడు. ఈ ఫీల్డ్‌లో సగం టెన్షన్ ఇలాంటి సదుద్దేశాల వల్లే.

ఎడారి_గాలి:
మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. పట్టీ సంగతి సరే, దాని పైనున్న నాజీల స్వస్తిక గద్ద గుర్తు సంగతేంటి? ఆ దళ నాయకుడు రోమెల్ 1941 ఫిబ్రవరిలో ట్రిపోలీలో దిగినప్పటి నుంచి ఎడారిలో జరిగింది మర్యాదస్తుల యుద్ధమని ఒక కథ నడుస్తోంది. జర్మన్లు పట్టుకున్న ట్యునీషియాలో వేలాది యూదులతో వెట్టి చేయించారు, అది ఎవరూ ఎత్తరు. చివరికి 1943 మేలో జర్మన్ జనరల్ ఫోన్ ఆర్నిమ్ లొంగిపోయింది మన 4వ భారతీయ డివిజన్‌కే. అవతలివాళ్ల టోపీకి మనం మెరుగులు దిద్దడమా?

మ్యూనిక్_మావయ్య:
అడగాల్సిన ప్రశ్నే. జర్మనీలో ఆ గుర్తు బహిరంగంగా ప్రదర్శిస్తే నేరం. అమ్మినాయన కూడా స్వస్తిక మీద చిన్న స్టిక్కర్ అంటించే బల్ల మీద పెట్టాడు. ఇంట్లో పెట్టెలో ఉంటుంది, గోడకెక్కదు.

దారంపోగు:
గోడకెక్కించనప్పుడు నిండుగా కనబడాలన్న యావ ఎందుకయ్యా మరి? నా మాట నేనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చేలా ఉంది.

ఎడారి_గాలి:
పెట్టెలో పెట్టినా నాకు సమాధానం దొరకలేదు. మ్యూజియంకి ఇస్తే వెట్టి సంగతీ పక్కన రాసి పెడతారు.

పాత_ఇనుము:
మ్యూజియం వాళ్లయినా ముందు అడిగేది అసలుదేనా అని. చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు వేసి చూడు. దారాలు తెల్లగా మెరిస్తే ఆ కుట్టు యుద్ధం తర్వాతిది అయ్యుండొచ్చు. లైనింగ్ మీద ముద్ర ఉందా?

మ్యూనిక్_మావయ్య:
ఉంది. సైజు 57 స్పష్టంగా ఉంది. సంవత్సరం మాత్రం చెమట మరకలో సగం పోయింది. 41 కావచ్చు, 43 కావచ్చు.

పాత_ఇనుము:
41 అయితే నా మాటే నా మాట, ముట్టుకోకు. 43 అయితే అప్పటికే పట్టీలు తీసేయమని ఆదేశం వచ్చేసింది కదా, ఆ 'వి' ఆనవాలు ఎక్కణ్ణుంచి వచ్చింది? లెన్స్ పెట్టి ఫోటో తీసి పెట్టు, అప్పటిదాకా ఆ గులాబీ పట్టీకి డబ్బు కట్టకు.