చెన్నైలో ‘వవ్వాల్’ అంటే మన చందువేనా?

మైలాపూర్ వంటిల్లు:
కాశిమేడులో, చింతాద్రిపేట మార్కెట్‌లో ‘వవ్వాల్’ అని అమ్మేది చందువేనా (పాంఫ్రెట్)? తమిళంలో వవ్వాల్ అంటే గబ్బిలం కదా, చేపకి ఆ పేరేంటి? వెళ్ళ (తెల్ల) వవ్వాల్, కరుప్పు (నల్ల) వవ్వాల్ ఒకే చేపలో రంగు తేడాలా? ఇంకోటి, కొన్ని చోట్ల వవ్వాల్ అనే చవగ్గా ఇచ్చేదానికి నోట్లో పళ్ళున్నాయి. అదేం చేపండీ?

ఉప్పుగాలి:
చందువేనండీ. చేపని బల్ల మీద పక్కకి పడుకోబెట్టి చూడండి. ఒళ్ళు పలక, వీపు మీదొకటి, కిందొకటి రెక్కలు కొడవళ్ళలా వెనక్కి సాగి ఉంటాయి. గబ్బిలం రెక్కలు చాచినట్టే. తమాషా ఏంటంటే మలయాళంలోనూ గబ్బిలం వవ్వాలే, చేప మాత్రం ఆవోలి. మంగళూరులో మాంజి, ముంబయిలో పాప్లెట్.

రంగు తేడా కాదు, చేపలే వేరు. తెల్ల చందువ శాస్త్రీయ నామం పాంపస్ అర్జెంటియస్. నల్ల చందువ పారాస్ట్రోమేటియస్ నైగర్, అది పార చేపల కుటుంబం. ఐసులో నలిగాక రంగు చూసి పోల్చుకోవడం కష్టం, వేలితో చూడండి. తోక మొదట్లో పక్కవైపు రాస్తే గరుగ్గా గీతలా తగిలిందా, నల్లది. తెల్లదానికి అక్కడ నున్నగా ఉంటుంది, నోరు చిన్నది, తోకలో కింది పాయ పొడుగ్గా ఉంటుంది.

చెరువుగట్టు:
పళ్ళున్నది రూప్‌చంద్. దక్షిణ అమెరికా మంచినీటి చేప, పిరానాకి చుట్టం. మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచి పంపిస్తారు. బంగ్లాదేశ్‌లో రూప్‌చాందా అంటే అసలు చందువే, పేరు అలా దీనికి అంటుకుంది. తినడానికి బాగానే ఉంటుంది, చందువ రేటు పెట్టి కొనడమే దండగ.

పళ్ళు చూడ్డానికి నోరు తెరవక్కర్లేదు. పొట్ట కింద చూడండి: రూప్‌చంద్‌కి అక్కడ జత రెక్కలుంటాయి, వీపు రెక్కకీ తోకకీ మధ్య చిన్న కండ రెక్క కూడా ఉంటుంది. ఎదిగిన చందువకి, తెల్లదైనా నల్లదైనా, పొట్ట కింద ఆ జత రెక్కలుండవు. పొంపానో అనే పెంపకం చేపని చందువ అని అంటగట్టినా ఈ గుర్తుతోనే దొరికిపోతుంది, దానికీ ఆ జత ఉంటుంది.

మైలాపూర్ వంటిల్లు:
భలే గుర్తు చెప్పారు. మరి పులుసుకి ఏది?

పులుసు గిన్నె:
నల్లది. కండ గట్టి, ముక్క నిలుస్తుంది. అరకిలోకి నిమ్మకాయంత చింతపండు. పులుసుని ముందే పది నిమిషాలు మరిగించి, పచ్చివాసన పోయాకే ముక్కలు వెయ్యండి. మధ్యస్థం మంట మీద ఏడెనిమిది నిమిషాలు చాలు. గరిటె పెట్టొద్దు, గిన్నె అంచులు పట్టుకుని కుదపండి. తెల్లదాన్ని పులుసులో పెడితే పల్చటి ముక్క విరిగి ముళ్ళే మిగులుతాయి.

తెల్లది వేపుడికి. 250–300 గ్రాములది తీసుకుని ‘వరువలుక్కు ముళుసా’ అనండి, ముక్కలు కొట్టకుండా ఇస్తారు. రెండు వైపులా ముల్లు తగిలేదాకా మూడేసి గాట్లు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, అరచెక్క నిమ్మరసం పట్టించి అరగంట, అంతకు మించొద్దు. నిమ్మరసంలో ఎక్కువసేపు నానితే కండ సుద్దలా తెల్లబడి పెనం మీద పొడిపొడిగా రాలుతుంది. మసాలా పట్టించే ముందు చేపని గుడ్డతో తుడవాలి, తడి ఉంటే చర్మం పెనానికి అంటుకుని ఊడొస్తుంది.

ఉప్పుగాలి:
కొనేటప్పుడు ఇంకొక్క మాట. తెల్ల చందువకి పొలుసులు ముట్టుకుంటేనే రాలిపోతాయి, అక్కడక్కడా ఊడిందని పాతదనుకోకండి. మొప్పలెత్తి ఎరుపు చూడండి, పొట్ట నొక్కి చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో పెద్ద చందువ ‘ఇవాళ్టి కాశిమేడు సరుకు’ అంటే మొప్పలు రెండుసార్లు చూడండి. మే నెలాఖరు దాకా పడమటి తీరం నుంచి వస్తుంది, లేదంటే కోల్డ్ స్టోరేజీ సరుకు.