హేబర్ పద్ధతిలో 450 డిగ్రీలు నిజంగా 'రాజీ'యేనా?

కెమిస్ట్రీ మేడమ్:
ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి ఒకే పాఠం చెబుతున్నాను. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయ్యే చర్య (అదే హేబర్ పద్ధతి) ఉష్ణమోచకం, అంటే వేడిని వదిలేది. లీ షాటెలియర్ సూత్రం ప్రకారం వేడి తగ్గిస్తే దిగుబడి పెరగాలి, కానీ చర్య నత్తనడక నడుస్తుంది. అందుకని మధ్యేమార్గంగా 450 డిగ్రీలు, 200 అట్మాస్ఫియర్లు. మొన్న వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "రాజీ అంటే బేరం కదా మేడమ్, ఇంకాస్త తగ్గొచ్చుగా? 400 ఎందుకు కాదు? 350 ఎందుకు కాదు?" అన్నాడు. పట్టిక తీశాను. 200 అట్మాస్ఫియర్ల దగ్గర సమతాస్థితిలో, అంటే చర్య ఎంత సాగగలదో అంత సాగాక, అమ్మోనియా 400 డిగ్రీలకు దాదాపు 39 శాతం, 500 డిగ్రీలకు 18 శాతం. పట్టిక కూడా వాడి పక్షమే! 'రాజీ' అనే మాటే తప్పంటారా?

పాత షిఫ్ట్ ఇన్‌చార్జ్:
తప్పే మేడమ్. నేను అమ్మోనియా ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాను. మా కన్వర్టర్‌లో, అంటే చర్య జరిగే పాత్రలో, 450 అనే ఒకే అంకె ఎక్కడా ఉండేది కాదు. గ్యాస్ మొదటి బెడ్‌లోకి (చర్యను వేగంగా జరిపించే ఇనుము ఉత్ప్రేరకం పేర్చిన పొర) 370, 380 దగ్గర వెళ్లేది. చర్య తన వేడితో తానే 500 దాకా ఎక్కేది. దాన్ని చల్లార్చి రెండో బెడ్‌కి పంపేవాళ్లం. 450 అంటే ఈ ఎక్కుదిగుళ్లకు పుస్తకం వేసిన సగటు.

ఇక 350 సంగతి. ఒక రాత్రి షిఫ్టులో వెనక నుంచి గ్యాస్ లోడ్ పడిపోయింది, గ్యాస్ తిరిగే లూప్‌లో సర్క్యులేషన్ తగ్గించడం మేం ఆలస్యం చేశాం. కన్వర్టర్‌లోకి వచ్చే గ్యాస్‌ను వేడి చేసేది బయటికి పోయే గ్యాసే. చర్య మందగిస్తే బయటికి పోయేది చల్లబడుతుంది, దాంతో లోపలికొచ్చేది ఇంకా చల్లబడుతుంది. ఇన్‌లెట్ 372, 365, 356... చూస్తుండగానే బెడ్ అంతా దిగిపోయింది. 'రియాక్షన్ పోయింది' అంటాం మేం. స్టార్టప్ హీటర్ వెలిగించి మళ్లీ దారికి తెచ్చేసరికి తెల్లారింది. ఆ ఇనుము ఉత్ప్రేరకంతో 350 దగ్గర బేరం లేదు, అక్కడ గోతిలో పడటమే. మీ వెనక బెంచీ అబ్బాయికి ఇది చెప్పండి.

లెక్కల పిచ్చి:
అన్నా, నీ అనుభవానికి దండం, కానీ సగమే ఒప్పుకుంటా. కింది హద్దు ఉత్ప్రేరకం గీసిందే, నిజం. మిగతాదంతా డబ్బు. అందులో రాజీ ఉంది, అయితే అది దిగుబడికీ వేగానికీ మధ్య కాదు. కన్వర్టర్‌లోంచి బయటికొచ్చే గ్యాస్‌లో అమ్మోనియా 15 నుంచి 20 శాతమే. దాన్ని చల్లార్చి ద్రవంగా తీసేసి, మిగిలిన గ్యాస్‌ను మళ్లీ లోపలికే పంపుతారు. అలా తిప్పితిప్పి దాదాపు మొత్తం మార్చేస్తారు. ఒక్క సారికి ఎంత వచ్చిందన్నదే ముఖ్యమైతే జార్జెస్ క్లాడ్ ఎప్పుడో గెలిచి ఉండాలి. 1920ల్లో ఫ్రాన్స్‌లో ఆయన 900, 1000 అట్మాస్ఫియర్ల మీద నడిపాడు, ఒక్క పాస్‌లో 40 శాతం దాకా తీశాడు. మరి ఇవాళ ఆ పీడనం ఎవరు వాడుతున్నారు? 1960ల్లో సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లు వచ్చాక కెలాగ్ అనే ఇంజనీరింగ్ కంపెనీ డిజైన్లు 150 దగ్గరికి దిగాయి. 200 అనే అంకె కూడా ప్రకృతి నియమం కాదు, ఆనాటి కంప్రెసర్లు, ఉక్కు, కరెంటు బిల్లు.

సెకండియర్ కుర్రాడు:
అంటే మంచి ఉత్ప్రేరకం వేస్తే దిగుబడి పెరుగుతుందన్నమాట. మరి పుస్తకంలో ఉత్ప్రేరకం సమతాస్థితిని మార్చదు అని ఉంది?

కెమిస్ట్రీ మేడమ్:
బాబూ, ఇక్కడ జాగ్రత్త. ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉత్ప్రేరకం వేసినా, వేయకపోయినా సమతాస్థితి ఒక్కటే, అక్కడికి తొందరగా చేరుస్తుంది అంతే. కానీ చురుకైనది దొరికితే తక్కువ వేడి దగ్గర నడపగలం, అక్కడ సమతాస్థితే మనకు అనుకూలం. లాభం అలా చుట్టు తిరిగి వస్తుంది. హేబర్ 1909లో చేసి చూపించినప్పుడు ఆస్మియం వాడాడు, అది ప్రపంచంలో దొరికేదే కాస్త. జర్మన్ కంపెనీ బీఏఎస్‌ఎఫ్‌లో మిట్టాష్ బృందం వేల ప్రయోగాలు చేసి, స్వీడన్‌లోని గాలివారె ఇనుప ఖనిజం దగ్గర ఆగింది. దానికి అల్యూమినా, పొటాష్ కలిపితే పని జరిగింది. 1913లో జర్మనీలోని ఓపావ్‌లో ఫ్యాక్టరీ మొదలైంది. రాస్తుంటే నాకే తడుతోంది, ఆ 450 మిట్టాష్ ఎంచుకున్న ఇనుముదే.

పాత షిఫ్ట్ ఇన్‌చార్జ్:
అదే మేడమ్ నా గోల! ఆ ఇనుముకు కూడా వయసు మీద పడుతుంది. గ్యాస్‌లో కాస్త కార్బన్ మోనాక్సైడ్ జారినా, తేమ జారినా నీరసిస్తుంది. అప్పుడు ఇన్‌లెట్ వేడి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. కొత్త ఉత్ప్రేరకానికి ఒక అంకె, పదేళ్ల దానికి ఇంకో అంకె. ఏది రాజీ?

లెక్కల పిచ్చి:
ఇనుము మారితే అంకె మారుతుందనడానికి సాక్ష్యం కూడా ఉంది. 1992లో కెనడాలోని కిటిమాట్ ప్లాంట్‌లో రుథేనియం ఉత్ప్రేరకం పెట్టారు, తర్వాత అలాంటి కొత్త ప్లాంట్లలో పీడనం 90 అట్మాస్ఫియర్ల దగ్గరికి దించారు. కానీ ప్రపంచమంతా రుథేనియానికి మారలేదు. ఇనుము చవక, మొండిది. మళ్లీ డబ్బు దగ్గరికే వచ్చాం అన్నా.

యాసిడ్ ప్లాంట్ వాణ్ణి:
మధ్యలో దూరుతున్నా. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సల్ఫర్ డయాక్సైడ్‌ను ట్రయాక్సైడ్ చేసేదీ ద్విగత (రెండు వైపులా సాగే) చర్యే, పీడనం పెంచితే అక్కడా దిగుబడి పెరగాలి. అయినా మేం ఒకటి రెండు అట్మాస్ఫియర్ల మీదే లాగిస్తాం. పీడనం పెంచకుండానే, మధ్యలో ట్రయాక్సైడ్‌ను ఆమ్లంలో పీల్పించేసి మిగిలిన గ్యాస్‌ను మళ్లీ బెడ్‌లోకి పంపితే 99.5 శాతం దాటుతుంది. లీ షాటెలియర్ 'పెంచు' అన్నంత మాత్రాన పెంచక్కర్లేదు. ఆయనే 1901లో అమ్మోనియా ప్రయత్నిస్తూ పేలుడు జరిగి వదిలేశాడు!

సెకండియర్ కుర్రాడు:
అంతా బాగుంది సార్. పరీక్షలో రెండు మార్కులకి ఏం రాయాలి?

కెమిస్ట్రీ మేడమ్:
'రాజీ' అనే రాయి, దిద్దేవాళ్లు ఆ మాట కోసమే వెతుకుతారు. కిందే 'ఇనుము ఉత్ప్రేరకం అంతకంటే తక్కువ వేడి దగ్గర చాలినంత చురుగ్గా ఉండదు కాబట్టి' అని చేర్చు. ఆ వాక్యానికి మార్కు వేయనివాళ్లుంటే నాకు చెప్పు.

పాత షిఫ్ట్ ఇన్‌చార్జ్:
మేడమ్, 'రాజీ' మాత్రం కొట్టేయించాల్సింది.