ట్రైనీ పైలట్‌కి ఇంకో నాలుగు సార్టీలు ఇస్తే కొంప మునుగుతుందా?

కోనసీమ_కృష్ణ:
మా తమ్ముడు ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచికి ఎంపికై, సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) ముందే సస్పెండ్ అయ్యాడు, అంటే ఫ్లయింగ్ శిక్షణ నుంచి తీసేశారు. ల్యాండింగ్ కుదరలేదట. అదనంగా కొన్ని సార్టీలు (ఒక్కో సార్టీ అంటే ఒకసారి ఎగిరి దిగడం) ఇచ్చారు, చెక్ (ఎగరడంలో పరీక్ష) పెట్టారు, అంతే. సివిల్ ఫ్లయింగ్ క్లబ్బులో అయితే డబ్బు కట్టినంత కాలం నేర్పుతారు. ఇన్ని వడపోతలు దాటి వచ్చినవాడిని గంటల లెక్క చూసి ఆపేయడం న్యాయమేనా?

సూర్యాపేట_శీను:
అన్నా, మీ తమ్ముడు విమానం ఎక్కాడు కదా, సంతోషించండి. పైలట్‌గా పనికొస్తామో లేదో చూసే పీఏబీటీ టెస్టులో ఫెయిలైతే జన్మలో మళ్లీ ఫ్లయింగ్ బ్రాంచి ఊసెత్తకూడదు. ఇప్పుడు సీపీఎస్ఎస్ అని కంప్యూటర్ మీద పెట్టారు, రూలు మాత్రం అదే. నేను జ్వరంతో రాశాను. ఐఏఎస్‌కైనా ఆరుసార్లు ఇస్తారు.

రిటైర్డ్_సార్జెంట్:
శీనూ, ఆ టెస్టు చూసేది చదువు కాదు. డయళ్లు ఎంత త్వరగా పట్టుకుంటావు, కన్నూ చేయీ కాలూ ఎలా కలుస్తాయి అన్నది. రెండోసారి రాస్తే అలవాటుతోనే స్కోరు పెరుగుతుంది, ఇక కొలిచి ఏం లాభం?

కృష్ణగారూ, క్లబ్బుతో పోలిక కుదరదు. క్లబ్బులో ఖర్చు మీది, ఇక్కడ సర్కారుది. పైగా దుండిగల్ అకాడమీలో పిలాటస్ అనే మొదటి ట్రైనర్ విమానం తర్వాత, ఫైటర్‌కి వెళ్లే పిల్లలు కిరణ్ జెట్, ఆపైన బీదర్‌లో హాక్ జెట్ ఎక్కాలి. ప్రతి మెట్టుకీ వేగం పెరుగుతుంది, ఆలోచించే టైము తగ్గుతుంది. మొదటి మెట్టు మీద వెనకబడినవాడు పైన ఇంకా వెనకబడతాడు.

సూర్యాపేట_శీను:
జ్వరం సంగతి మాట్లాడరేం?

బెజవాడ_బాబ్జీ:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

కోనసీమ_కృష్ణ:
సార్జెంట్‌గారూ, మీరు విమానాలు రిపేరు చేశారు, నడపలేదు. కొందరికి ఒక్కరోజులో ‘ఆ, ఇదా’ అని తెలిసిపోతుంది. ఆ రోజు రాకముందే గేటు మూసేస్తే?

రిటైర్డ్_సార్జెంట్:
నడపలేదు. నడిపినవాళ్లను సీట్లో కట్టి పంపాను, కొందరు తిరిగి రాలేదు. 2009 జూలైలో మెదక్ జిల్లాలో హెచ్‌పీటీ-32 అనే పాత ట్రైనర్ విమానం కూలి ఇద్దరు పైలట్లు పోయారు. ఆ విమానానికి ఎజెక్షన్ సీటే లేదు. దాన్ని ఆపేశాక, 2013లో పిలాటస్ వచ్చేదాకా పిల్లలు నేరుగా కిరణ్ జెట్ మీదే మొదలుపెట్టారు. 2023 డిసెంబరులో తూప్రాన్ దగ్గర పిలాటస్ కూలినప్పుడు ఇన్‌స్ట్రక్టరూ క్యాడెట్టూ ఇద్దరూ పోయారు. ఏ ప్రమాదం ఎందుకు జరిగిందో నేను చెప్పను. నేర్పేవాడి ప్రాణం కూడా అదే విమానంలో ఉంటుంది, అదొక్కటి గుర్తుంచుకోండి.

కోనసీమ_కృష్ణ:
చావులు చూపించి నోరు మూయించకండి! మావాడు ఎవర్నీ చంపలేదు. రోజూ తిట్లు తిని, రాత్రి ఫోన్లో మాటే రాక ఏడ్చేవాడు. నేర్పడం వాళ్ల పనా, ఏరిపారేయడం వాళ్ల పనా?

డోర్నియర్_రాజు:
ఇప్పుడు అసలు మాటకొచ్చారు. రెండూ వాళ్ల పనే, తంటా అక్కడే ఉంది. నేను ట్రాన్స్‌పోర్ట్ పైలట్‌ని, క్యూఎఫ్ఐగా, అంటే ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా, కొన్నాళ్లు నేర్పాను.

ల్యాండింగ్ సంగతి చెప్తాను. రౌండవుట్ దగ్గర, అంటే నేల తాకేముందు విమానం ముక్కు పైకెత్తేటప్పుడు, కుర్రాడు ఆ ముక్కు ముందున్న నేలనే చూస్తూ ఉంటే ఎత్తు అంచనా తప్పుతుంది. స్టిక్ ముందే లాగేస్తాడు, విమానం పైకి తేలిపోతుంది, లేదంటే దబ్బున కూర్చుంటుంది. రన్‌వే అవతలి చివరకు చూపు పంపాలి. హెచ్‌పీటీ-32లో పక్కపక్కన కూర్చునేవాళ్లం, కుర్రాడి కళ్లు ఎటున్నాయో కనిపించేవి. పిలాటస్‌లో ఇన్‌స్ట్రక్టర్ వెనక కూర్చుంటాడు. ముందు హెల్మెట్ మాత్రమే కనబడుతుంది. ‘ఎక్కడ చూస్తున్నావ్?’ అని అడగాలి. అడగకుండా అరిచేవాళ్లూ ఉన్నారు, దాచడమెందుకు.

అందుకే కుర్రాడు ఇరుక్కుంటే ఇన్‌స్ట్రక్టర్‌ని మార్చి చూడాలి, చెక్‌కి వేరే ఇన్‌స్ట్రక్టర్ కుర్రాడితో ఎగరాలి. అలా చేశాక కూడా రాలేదంటే ఆపాల్సిందే. ఆ మాటకొస్తే, సోలోకి పంపే ముందు నాకు పట్టేంత టెన్షన్ ఆ కుర్రాడికి కూడా ఉండదు.

రిటైర్డ్_సార్జెంట్:
నేనూ అదేగా చెప్తున్నది.

కోనసీమ_కృష్ణ:
కాదు, మీరు ఖర్చన్నారు, వేగమన్నారు. రాజుగారు అన్నది మనిషి గురించి. మావాడికి ఇన్‌స్ట్రక్టర్‌ని మార్చారో లేదో కూడా ఇంట్లో ఎవరికీ తెలీదు. వాడు చెప్పడు. ఎవరు ఏం రాశారో, ఏ సార్టీలో ఏం తప్పిందో కాగితం మీద చూపించారా అని అడిగితే లేచి వెళ్లిపోతాడు. నాకు వాడి సీటు తిరిగి రావాలని లేదు. గ్రౌండ్ బ్రాంచికి మారే దారి ఉందట, అది వాడిష్టం. కారణం మాత్రం చెప్పాలి.

సార్జెంట్_గారి_అమ్మాయి:
నాన్నకి బీపీ. రేపు రాస్తారు.

డోర్నియర్_రాజు:
కృష్ణగారూ, ప్రతి సార్టీ తర్వాతా డీబ్రీఫ్ (ఏం తప్పిందో కూర్చుని మాట్లాడుకోవడం) జరుగుతుంది, గ్రేడు రాస్తారు. తమ్ముడికి అది తెలుసు. మీకు చెప్పలేకపోతున్నాడంటే కారణం తెలియక కాకపోవచ్చు. కొన్నాళ్లు అడక్కండి.

కోనసీమ_కృష్ణ:
మీ పద్ధతి మంచిదని ఒప్పుకోను. అడగడం మాత్రం ఆపుతాను.

సూర్యాపేట_శీను:
రాజుగారూ, సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ఉంటే వయసు 26 దాకా ఇస్తారు కదా. అప్పుడైనా రెండోసారి రాయనిస్తారా?

డోర్నియర్_రాజు:
వయసు సడలుతుంది. టెస్టు సడలదు శీనూ.