నకిలీ వీడియోకి జవాబు చెప్పాలా, వదిలెయ్యాలా?

రాయగడ కిరాణా:
మన ఒడిశాలో పంచాయతీ ఎన్నికల మాటలు మొదలయ్యాయి, వాట్సాప్ గ్రూపుల్లో కత్తిరించిన వీడియోలూ మొదలయ్యాయి. నన్నడిగితే వదిలెయ్యాలంటాను. ‘ఇది అబద్ధం’ అని మనమే మళ్లీ పెడితే చూడనివాళ్లు కూడా చూస్తారు. మీరేమంటారు?

గుణుపురం మాస్టారు:
వదిలేస్తే అదే నిజమై కూర్చుంటుంది బాబూ. 2024 ఏప్రిల్‌లో అమిత్ షా వీడియో గుర్తుందా? తెలంగాణలో ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామని 2023లో ఆయన అన్నదాన్ని మార్చి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలవే తీసేస్తామన్నట్టు చేశారు. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. మన కోరాపుట్ ఎంపీ సీటు ఎస్టీలది, రాయగడ, గుణుపురం అసెంబ్లీ సీట్లూ అంతే. అలాంటి వీడియో ఇక్కడ ఎంత పని చేస్తుందో వేరే చెప్పాలా? పాత ప్రసంగం ఉంది కాబట్టే అబద్ధం తేలింది. నకిలీని మళ్లీ తిప్పక్కర్లేదు, అసలుది పంపండి. సవర, కువి మాట్లాడే ఊళ్లకు వాళ్ల భాషలోనే వాయిస్ మెసేజ్ పెట్టించండి. తెలుగులో రాస్తే మనమే చదువుకుంటాం.

సిరొంచ నుంచి:
వీడియోకి అసలుది దొరుకుతుంది మాస్టారూ, ఆడియోకి ఏం చూపిస్తారు? మా మహారాష్ట్రలో 2024 నవంబర్ 20న పోలింగ్. 19 రాత్రి ఎన్సీపీ (శరద్ పవార్) ఎంపీ సుప్రియా సూలే, కాంగ్రెస్ నాయకుడు నానా పటోలే గొంతులంటూ, బిట్‌కాయిన్ డబ్బులు ఎన్నికలకు వాడుతున్నారన్న ఆడియోలు బీజేపీ బయటపెట్టింది. ఆ గొంతులు మావి కావని ఇద్దరూ అన్నారు, సుప్రియ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు కూడా చేశారు. తెల్లారితే లైన్లో నిలబడాలి. ఆ ఖండన ఎంతమంది విన్నారంటారు?

పర్లాకిమిడి అమ్మాయి:
నాకు నకిలీ కంటే ‘మీడియా అమ్ముడుపోయింది’ అనే మాటతోనే ఎక్కువ చిరాకు. 2024 మే చివర్లో సభలో అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ చెయ్యి వణకడం, ఆయన సన్నిహితుడు పాండియన్ దాన్ని పక్కకు లాగడం వీడియో వచ్చింది. అప్పటికి మన వైపు ఓటింగ్ అయిపోయింది, మే 13నే. మా వీధి గ్రూపులో సగంమంది అది ఫేక్ అన్నారు. నవీన్ మాత్రం ఫేక్ అనలేదు, లేనిపోని విషయాన్ని పెద్దది చేస్తున్నారన్నారు. జవాబంటే అది! ఒడియా న్యూస్ ఛానల్ ఓటీవీ బీజేపీ నాయకుడు బైజయంత్ పండా కుటుంబానిది, సాక్షి జగన్ కుటుంబానిది, ఎవరికి తెలీదు? ఛానల్ ఎవరిదో చెప్పినంత మాత్రాన ఆ క్లిప్ అబద్ధం అయిపోదు కదండీ.

గుణుపురం మాస్టారు:
అమ్మాయి బాగా చెప్పింది. ఇంకోటి, నకిలీది దృష్టికొచ్చిన 3 గంటల్లో తీసెయ్యాలని 2024 మే 6న ఎన్నికల సంఘం పార్టీలకు చెప్పింది.

రాయగడ కిరాణా:
పార్టీలకు కదా మాస్టారూ! ఒడిశాలో జిల్లా పరిషత్‌కే పార్టీ గుర్తులు. సర్పంచి అభ్యర్థికి పార్టీ గుర్తూ లేదు, ఐటీ సెల్లూ లేదు. పైగా ఈ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, కేంద్ర ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో ఫోటో పెట్టి కూర్చుంటే లాభం లేదు. సర్పంచిగా నిలబడ్డ ఆవిడ మీద ఎవడో వీడియో చేస్తే జవాబు చెప్పేది వాళ్లాయనా, తోడికోడలూ. పోనీ మీ మాట సగం ఒప్పుకుంటా. అసలుది చేతిలో ఉంటే పెడదాం, లేకపోతే నోరు మూసుకుందాం. పోలింగ్‌కి ముందు రెండు రోజులు మాత్రం నా గ్రూపులో అడ్మిన్లే పోస్ట్ చేసేలా పెట్టేస్తా.

సిరొంచ నుంచి:
ముందు మీ అడ్మిన్లు ఏ పార్టీవాళ్లో చెప్పన్నా.